దెబ్బ తగలని కొట్టుడు!

తెలుగులో 'కొట్టు' అన్నంత మాత్రాన ఎవరికీ దెబ్బ తగలదు. ఈత కొట్టడం, కన్ను కొట్టడం పాతవే. కుర్రకారు నోట పడ్డాక దాని జోరు పెరిగింది. క్లాసుకు డుమ్మా కొడతారు. వీధి చివర సైట్ కొడతారు. తమ గురించి తామే డబ్బా కొట్టుకుంటారు. 2001లో కోల్‌కతాలో లక్ష్మణ్ కొట్టిన 281 పరుగుల్ని తలచుకుంటూ పెద్దలూ టీ కొడతారు!

ఇంగ్లిషు మాటకు ఈ తోక తగిలిస్తే చాలు... మన వ్యాకరణంలో ఒదిగిపోతుంది. బోర్ కొట్టింది, కొడుతోంది, కొట్టదు... కాలాలన్నీ తెలుగువే. అందుకే 'బోర్ కొడుతోంది' అనే పిల్లల్ని కోప్పడక్కర్లేదు. 'అయామ్ బోర్డ్' అన్నప్పుడే కాస్త ఆలోచించాలి. నామవాచకాన్ని అరువు తెచ్చుకున్నా భాష బతుకుతుంది. క్రియ పోతేనే కష్టం!