మాట ఒకచోట, బొమ్మ ఒకచోట

1929వ సంవత్సరం అక్టోబరులో అమెరికాలో 'లాంబ్‌చాప్స్' అనే లఘుచిత్రం విడుదలయింది. నిడివి పది నిమిషాల లోపే. నటించినవారు జార్జ్ బర్న్స్, గ్రేసీ ఆలెన్ దంపతులు. వీరు వాడెవిల్ రంగస్థలానికి చెందిన హాస్యజంట. పాట, గారడీ, సాము, హాస్యం ఒకే వేదికపై వరుసగా సాగే వినోద ప్రదర్శనకు అక్కడ వాడెవిల్ అని పేరు. మన తోలుబొమ్మలాటలో కేతిగాడూ బంగారక్కా నడుమ దూరి నవ్వించిపోయినట్లే ఈ జంటలూ తమ వంతు రాగానే వచ్చి నవ్వించిపోయేవి. తొలుత ప్రశ్న గ్రేసీది, చమత్కారం జార్జిది. జనం ఆమె ప్రశ్నలకే నవ్వుతున్నారని గ్రహించి జార్జి పాత్రలను తారుమారు చేశాడు. (భర్తలలో ఇంతటి వివేకం అరుదు!)

వేదికపై నటుడు నవ్వు సద్దుమణిగే వరకు ఆగుతాడు. చిత్రీకరణశాలలో నవ్వేవారేరి? అందుకే చిత్రారంభంలో గ్రేసీ గదంతా వెదుకుతుంది. దేనికోసమని భర్త అడిగితే ప్రేక్షకుల కోసమంటుంది. ఆయన కెమెరాను చూపుతాడు.

ఇక ఇందులోని విజ్ఞానం. 1923లోనే వెబర్, ఫీల్డ్స్ అనే మరొక హాస్యజంటను లీ డి ఫారెస్ట్ తన ఫోనోఫిల్మ్ పద్ధతిలో చిత్రించాడు. అందులో శబ్దం కాంతిరేఖలుగా ఫిల్ముపైనే ముద్రితమయ్యేది. బర్న్స్ దంపతుల చిత్రానికి వాడిన వైటాఫోన్ పద్ధతిలో బొమ్మ ఫిల్ముపైన, మాట పదహారు అంగుళాల గ్రామఫోను రికార్డుపైన ఉండేవి. ఫిల్ము సెకనుకు 24 బొమ్మల చొప్పున, రికార్డు నిమిషానికి ముప్ఫైమూడుంబావు చిల్లర చుట్ల చొప్పున ఒకే మోటారుతో నడవాలి. ఫిల్ము తెగి పన్నెండు బొమ్మలు పోతే అర సెకను తేడా వస్తుంది. హాస్యానికి అర సెకను చాలు, ప్రాణం పోవడానికి! అందుచేత పోయిన బొమ్మలకు బదులు అన్నే నల్లబొమ్మలు అతికించేవారు. రికార్డును ఇరవై పర్యాయాలు వాడి మార్చేవారు. కాలక్రమంలో ఎన్నో చిత్రాలకు బొమ్మ ఒకచోట, మాట మరొకచోట మిగిలాయి. వాటిని తిరిగి జతపరచడానికి 1991లో కొందరు సేకర్తలు వైటాఫోన్ ప్రాజెక్టును ప్రారంభించారు.

ఈ ప్రస్తావన మన సంచికలో ఎందుకంటే, ఉగాదులలో, సంక్రాంతులలో మనవారు వేసిన హాస్యనాటికలు నేటికీ పలువురి అటకలపై వీడియో క్యాసెట్లలో ఉన్నాయి. అయస్కాంతపు పొడిని టేపుకు అంటించి ఉంచే జిగురును గాలిలోని తేమ మెల్లగా విడగొడుతుంది. వేడి ఆ చర్యకు వేగమిస్తుంది. సముద్రపుటొడ్డున ఉన్న మన అల్ వక్రాలో వేసవి ఎటువంటిదో చెప్పనక్కరలేదు. పైగా ఆ క్యాసెట్లను ఆడించే యంత్రాల తయారీని జపానుకు చెందిన ఫునాయ్ సంస్థ కూడా 2016లో నిలిపివేసింది.

ఔత్సాహికుల నాటికలకు ఇంత శ్రమ అవసరమా అని కొందరి ఆక్షేపణ. నేనంగీకరించను. బర్న్స్ దంపతులకు ఆ అవకాశం లభించింది ఫ్రెడ్ ఆలెన్ అనే మరొక నటుడు అస్వస్థుడైనందువల్ల. నాడు ఖాళీ పూరించిన ఆ చిత్రాన్నే 1999లో అమెరికా జాతీయ చలనచిత్ర పట్టికలో చేర్చారు. ఏది దాచదగినదో దాచే తరానికి తెలియదు. గోదావరి యాసలో ఒకరు, తెలంగాణ యాసలో ఒకరు పలికిన మాటల విరుపు, ఆ నడుమ పడిన నవ్వు, మన పిల్లలు ఏ పుస్తకంలో వింటారు? మన సమాజాలు సన్మానపు శాలువాలకు వెచ్చించేదానిలో కొంత ఈ క్యాసెట్లను డిజిటల్ రూపంలోకి మార్చడానికి కేటాయించాలని నా అభిప్రాయం.

ప్రతిని మార్చినంత మాత్రాన పని ముగియదు. ప్రతి ఒక్కటే ఉంటే చాలదు, రెండు వేర్వేరు ఇళ్లలో ఉండాలి. నాటిక పేరు, సంవత్సరం, రచయిత, పాత్రధారుల పేర్లు దానితోనే భద్రపరచాలి. వారిలో అనేకులు స్వదేశం చేరుకున్నారు. వేసవి సెలవులకు ఊరు వెళ్లినప్పుడు కలిసి అడిగితే, ఆ తెరమీది మీసాలరాయుడు ఎవరో చెప్పగలవారు ఇంకా ఉన్నారు.