కాంపాక్ట్ ఎస్‌యూవీ మైలేజీ: కాగితం మీద 18.. రోడ్డు మీద 12.. మిగతా ఆరు కిలోమీటర్లు ఎక్కడికి పోతున్నాయి?

"లీటరుకు ఎంతిస్తుంది?".. కారు షోరూమ్‌లో అడుగుపెట్టగానే మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఇదే. సన్‌రూఫ్, స్క్రీన్, సేఫ్టీ రేటింగ్.. ఎన్ని ఉన్నా చివరికి లెక్క మైలేజీ దగ్గరే తేలుతుంది. సేల్స్‌మన్ కూడా తడుముకోకుండా ఓ నంబర్ చెప్పేస్తాడు. ఆ నంబర్ అబద్ధం కాదు. కానీ బండి ఇంటికొచ్చిన నెల రోజులకే అర్థమవుతుంది.. ఆ నంబర్ మన రోడ్డుది కాదని.

బ్రెజా, నెక్సాన్, వెన్యూ నుంచి క్రెటా, సెల్టోస్, గ్రాండ్ విటారా దాకా.. ఇప్పుడు మధ్యతరగతి ఇంటి ముందు ఎక్కువగా కనిపిస్తున్నవి కాంపాక్ట్ ఎస్‌యూవీలే. వీటిలో చాలా పెట్రోల్ మోడళ్లకు కంపెనీలు చెప్పే మైలేజీ లీటరుకు 17 నుంచి 20 కిలోమీటర్లు. సిటీ ట్రాఫిక్‌లో మాత్రం 11, 12, మహా అయితే 13. మరి ఈ తేడా ఎందుకు? మోసమా? డ్రైవింగ్ లోపమా? పెట్రోల్ లోపమా? అసలు విషయం ఏంటంటే.. లోపం కొలిచే పద్ధతిలో ఉంది. అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకోటి ఉంది. ఈ తేడా అన్ని కార్లకూ ఒకేలా ఉండదు. అందుకే ఆ ఒక్క నంబర్ చూసి పెట్రోలా, డీజిలా, హైబ్రిడా అని తేల్చుకుంటే లక్షల్లో దెబ్బ పడొచ్చు.

ఆ నంబర్ ఎక్కడ పుడుతుంది?

మన దేశంలో కొత్త మోడల్ మార్కెట్లోకి రావాలంటే పుణెలోని ఏఆర్ఏఐ, మనేసర్‌లోని ఐక్యాట్ లాంటి సంస్థల్లో పరీక్ష పాస్ కావాలి. మైలేజీ పరీక్ష రోడ్డు మీద జరగదు. ల్యాబ్‌లో రోలర్ల మీద కారును నిలబెడతారు. చక్రాలు తిరుగుతాయి, కారు మాత్రం కదలదు. గాలి అడ్డు, రోడ్డు రాపిడి ఎంత ఉంటుందో ముందే లెక్కగట్టి రోలర్లకు అంత బరువు సెట్ చేస్తారు. పొగ గొట్టం నుంచి వచ్చే వాయువులను కొలిచి, ఎంత ఇంధనం కాలిందో లెక్క తీస్తారు.

ఈ పరీక్షకు వాడే పద్ధతి పేరు మాడిఫైడ్ ఇండియన్ డ్రైవింగ్ సైకిల్.. సింపుల్‌గా ఎంఐడీసీ. యూరప్ ఎప్పుడో పక్కన పెట్టేసిన పాత పద్ధతికి ఇది కాస్త మార్చిన రూపం. మొత్తం పరీక్ష దాదాపు 20 నిమిషాలే. కారు "తిరిగే" దూరం 11 కిలోమీటర్ల లోపే. సగటు వేగం గంటకు 32 కిలోమీటర్ల చుట్టూ, గరిష్ఠ వేగం 90. ల్యాబ్‌లో ఉష్ణోగ్రత 20 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటుంది. ఏసీ ఆఫ్.

ఇంకో చిన్న వివరం చూడండి. ఈ పరీక్షలో సిటీ భాగంలో కారు సున్నా నుంచి 50 కిలోమీటర్ల వేగానికి చేరడానికి తీసుకునే సమయం 26 సెకన్లు. పంజాగుట్టలోనో, బెంజ్ సర్కిల్ దగ్గరో సిగ్నల్ పడ్డాక 26 సెకన్లు తీసుకుని 50కి వెళ్లి చూడండి.. వెనకాల హారన్ల మోతే!

ఏసీ, స్పీడు, జామ్.. మూడు దెబ్బలు

మొదటిది ఏసీ. మే నెలలో విజయవాడలోనో, రామగుండంలోనో ఏసీ లేకుండా కారెక్కే వాళ్లు ఎవరున్నారు? ఏసీ కంప్రెసర్‌ను తిప్పేది ఇంజినే. బాగా వేడిగా ఉన్న రోజుల్లో, ముఖ్యంగా దగ్గరి ప్రయాణాల్లో ఏసీ వల్ల మైలేజీ 25 శాతానికి పైగా పడిపోవచ్చని అమెరికా ప్రభుత్వ ఇంధన సమాచార విభాగమే చెబుతోంది. మన పరీక్షలో ఈ ఖర్చు అసలు లెక్కలోకే రాదు.

రెండోది వేగం. హైదరాబాద్ ఓఆర్ఆర్ మీద గరిష్ఠ వేగ పరిమితి 120. పరీక్షలో 90 దాటరు. అంటే రూల్ ప్రకారమే నడిపినా మీరు పరీక్షలో లేని వేగంలో వెళ్తున్నట్టు. గాలి అడ్డు వేగానికి వర్గంగా పెరుగుతుంది. 80లో వెళ్లే కారు 110కి వెళ్తే గాలి అడ్డు దాదాపు 90 శాతం ఎక్కువ. ఎస్‌యూవీకి ఇది ఇంకా బరువు. ఎత్తు ఎక్కువ, ముందు భాగం వెడల్పు. అదే ఇంజిన్ ఉన్న చిన్న కారు గాలిని చీల్చుకుని పోతే, ఎస్‌యూవీ గాలిని నెట్టుకుంటూ పోతుంది.

మూడోది జామ్. కారు ఆగి ఉన్నా ఇంజిన్ నడుస్తుంటే పెట్రోల్ కాలుతూనే ఉంటుంది. ఈ సైజు ఇంజిన్ గంటసేపు ఊరికే నడిచినా అర లీటరు పైనే తాగుతుంది. ఏసీ వేస్తే ఇంకా ఎక్కువ. ఆఫీసుకు 10 కిలోమీటర్లకు గంట పట్టే సిటీలో మైలేజీ అంటే దూరం లెక్క కాదు, టైమ్ లెక్క.

మరి ఈ20 సంగతేంటి?

"పెట్రోల్‌లో ఇథనాల్ కలపడం వల్లే మైలేజీ పోయింది" అన్న మాట ఇప్పుడు ఎక్కడ చూసినా వినిపిస్తోంది. ఇందులో నిజం ఉంది. కానీ మొత్తం నిజం కాదు. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి, లీటరు పెట్రోల్ కంటే దాదాపు మూడో వంతు తక్కువ. 20 శాతం కలిపితే లీటరు ఇంధనంలో శక్తి ఆరేడు శాతం తగ్గుతుంది. నీతి ఆయోగ్ 2021 నాటి రోడ్‌మ్యాప్ కూడా.. మామూలు పెట్రోల్‌కు డిజైన్ చేసి, ఈ10కి ట్యూన్ చేసిన కార్లలో ఆరేడు శాతం తగ్గుదల ఉంటుందని చెప్పింది. ఈ10కి డిజైన్ చేసి ఈ20కి ట్యూన్ చేసిన వాటిలో ఒకటి రెండు శాతమే అన్నది. 2025 ఆగస్టులో పెట్రోలియం శాఖ కూడా పాత కార్లలో 3 నుంచి 6 శాతం దాకా తగ్గొచ్చని ఒప్పుకుంది.

అంటే 18 ఇచ్చే కారు ఈ20 వల్ల 17కి రావొచ్చు. 12కి రాదు. మిగతా ఐదు కిలోమీటర్లు పోయింది ఏసీకి, జామ్‌కి, కాలికి.

తేడా అందరికీ ఒకటే కాదు

అసలు కిటుకు ఇక్కడే ఉంది. చాలామంది ఏమనుకుంటారంటే.. "కంపెనీ చెప్పినదాంట్లో 25 శాతం తీసేస్తే అసలు మైలేజీ వచ్చేస్తుంది" అని. అన్ని కార్లలోనూ ఒకేలా తగ్గితే ఆ లెక్క కరెక్టే. కానీ అలా జరగదు.

టర్బో పెట్రోల్ తీసుకోండి. చిన్న ఇంజిన్, టర్బో సాయంతో పెద్ద ఇంజిన్ పవర్. పరీక్షలో యాక్సిలరేటర్ మెల్లగా నొక్కుతారు కాబట్టి అది చిన్న ఇంజిన్‌లాగే తక్కువ తాగుతుంది. రోడ్డు మీద గట్టిగా తొక్కితే పెద్ద ఇంజిన్‌లా తాగుతుంది. కాబట్టి ఇందులో తేడా మీ కాలి మీద ఆధారపడి ఉంటుంది.

స్ట్రాంగ్ హైబ్రిడ్ సంగతి వేరు. గ్రాండ్ విటారా, హైరైడర్ హైబ్రిడ్‌లకు కంపెనీలు ప్రకటించిన మైలేజీ లీటరుకు 27.97 కిలోమీటర్లు. ఎంఐడీసీలో ఆగడాలు ఎక్కువ, వేగం తక్కువ. ఇంజిన్ ఆపి మోటార్ మీద నడిచే హైబ్రిడ్‌కు ఇంతకంటే అనుకూలమైన పరీక్ష ఉండదు. సిటీ జామ్‌లో తిరిగే వాళ్లకు హైబ్రిడ్ నిజంగానే లాభం. కానీ వారం వారం హైదరాబాద్ నుంచి విజయవాడకు 100, 110 స్పీడ్‌లో వెళ్లే వాళ్లకు ఆ లాభం బాగా తగ్గిపోతుంది. హైవే మీద బ్రేక్ వేయడం తక్కువ, బ్యాటరీలోకి తిరిగొచ్చే కరెంటూ తక్కువే. ఎక్కువ సేపు పనిచేసేది పెట్రోల్ ఇంజినే.

జేబు లెక్క చూద్దాం

నెలకు 1,200 కిలోమీటర్లు తిరుగుతారనుకుందాం. పెట్రోల్ లీటరు 108 రూపాయలు అనుకుందాం. లీటరుకు 18 వస్తే నెల ఖర్చు 7,200. అదే 12 వస్తే 10,800. నెలకు 3,600 తేడా. ఏడాదికి 43,200. ఐదేళ్లకు 2 లక్షల 16 వేలు. ఈఎంఐ లెక్క వేసుకుని కారు కొన్న కుటుంబానికి ఇది చిన్న మొత్తం కాదు.

ఇప్పుడు పెట్రోలా, డీజిలా అన్న లెక్క. 2024లో వచ్చిన క్రెటా 1.5 పెట్రోల్ మాన్యువల్‌కు కంపెనీ చెప్పిన మైలేజీ 17.4, డీజిల్ మాన్యువల్‌కు 21.8. డీజిల్ మోడల్‌కు లక్షన్నర ఎక్కువ పెట్టాలనుకుందాం. డీజిల్ లీటరు 96 అనుకుందాం. కంపెనీ నంబర్ల ప్రకారం ఆ లక్షన్నర తిరిగి రావాలంటే దాదాపు 83 వేల కిలోమీటర్లు తిరగాలి. నెలకు 1,200 చొప్పున దాదాపు ఆరేళ్లు. "అబ్బే, పెట్రోలే బెటర్" అనిపిస్తుంది.

అదే సిటీలో పెట్రోల్ 11, డీజిల్ 15 ఇచ్చిందనుకోండి. అప్పుడు 44 వేల కిలోమీటర్లకే డబ్బు తిరిగొచ్చేస్తుంది. అంటే మూడేళ్లు. చూశారా.. రెండు కార్ల మైలేజీ తగ్గింది, కానీ సమాధానం మారిపోయింది. తప్పు నంబర్‌తో లెక్క వేస్తే ఖర్చు పెరగడమే కాదు, అసలు కొనాల్సిన కారే మారిపోవచ్చు.

బయట దేశాల్లో ఏం జరిగింది?

ఈ తలనొప్పి మనకొక్కరికే కాదు. అమెరికాలో 2008 మోడళ్ల నుంచి మైలేజీ లెక్కలో ఏసీ ఆన్, హై స్పీడ్, చలి వాతావరణం పరీక్షలను కూడా చేర్చారు. సిటీకి, హైవేకి విడివిడిగా నంబర్లు కారు అద్దం మీదే అతికించి ఉంటాయి. అయినా 2012లో హ్యుందాయ్, కియా కంపెనీలు మైలేజీని ఎక్కువ చేసి చూపించినట్టు ఒప్పుకోవాల్సి వచ్చింది. అందులో టక్సన్, స్పోర్టేజ్ లాంటి కాంపాక్ట్ ఎస్‌యూవీలూ ఉన్నాయి. రోలర్లకు సెట్ చేయాల్సిన గాలి అడ్డు, రాపిడి లెక్కల్లోనే తేడా జరిగింది. 2014లో ఆ కంపెనీలు 10 కోట్ల డాలర్ల జరిమానా కట్టడానికి ఒప్పుకున్నాయి.

యూరప్ ఇంకో అడుగు ముందుకేసింది. 2021 నుంచి కొత్త కార్లన్నింటిలో నిజంగా ఎంత ఇంధనం కాలిందో రికార్డు చేసే మీటర్ తప్పనిసరి. ఆ డేటాతో యూరోపియన్ కమిషన్ 2024 మార్చిలో రిపోర్ట్ ఇచ్చింది. కొత్త డబ్ల్యూఎల్‌టీపీ పరీక్షలో వచ్చిన దాని కంటే రోడ్డు మీద పెట్రోల్ కార్లు 23.7 శాతం, డీజిల్ కార్లు 18.1 శాతం ఎక్కువ తాగుతున్నాయని తేలింది. చార్జింగ్ పెట్టుకునే ప్లగ్ఇన్ హైబ్రిడ్‌లైతే ఏకంగా మూడున్నర రెట్లు!

మన దగ్గర ఏం మారబోతోంది?

2027 ఏప్రిల్ 1 నుంచి మన కార్లకూ డబ్ల్యూఎల్‌టీపీ పరీక్ష పెట్టాలని కేంద్ర రవాణా శాఖ 2025లో ముసాయిదా ఇచ్చింది. ఈ పరీక్ష 30 నిమిషాలు, 23 కిలోమీటర్లు. అసలు పద్ధతిలో గరిష్ఠ వేగం 131. అది అమల్లోకి వస్తే కంపెనీ నంబర్లు కాస్త నేల మీదకు దిగుతాయి. కానీ యూరప్ అనుభవం చూస్తే.. తేడా తగ్గుతుందే తప్ప మాయం కాదు.

2023 ఏప్రిల్ నుంచి మన దగ్గర రోడ్డు మీద పరీక్ష కూడా ఉంది. కానీ అది కొలిచేది కాలుష్యాన్ని, మైలేజీని కాదు. కారుకు పరికరం తగిలించి రోడ్డు మీద పొగ కొలవగలిగినప్పుడు, అదే దారిలో ఎంత ఇంధనం కాలిందో కొనేవాళ్లకు చెప్పడానికి అడ్డేంటి? కనీసం సిటీకి ఒకటి, హైవేకి ఒకటి, ఏసీ ఆన్‌లో ఒకటి.. మూడు నంబర్లు షోరూమ్‌లో పెట్టమని ఎందుకు అడగకూడదు?

కోర్టు దారీ ఉంది. కేరళలోని త్రిస్సూర్ జిల్లా వినియోగదారుల కమిషన్ 2022లో ఇచ్చిన తీర్పు ఇందుకు ఉదాహరణ. బ్రోచర్‌లో లీటరుకు 32 కిలోమీటర్లు అని చెప్పిన ఓ డీజిల్ సెడాన్, నిపుణుడి పరీక్షలో 19.6 మాత్రమే ఇచ్చింది. కొన్న మహిళకు 3 లక్షల 10 వేలు చెల్లించాలని కమిషన్ ఆదేశించింది. ఆ కారు కొన్నది 2014లో. తీర్పు వచ్చేసరికి ఎనిమిదేళ్లు.

మరి కొనేవాళ్లు ఏం చేయాలి?

* ముందు మీ తిరుగుడు తేల్చుకోండి. నెలలో సిటీ ఎంత, హైవే ఎంత? సిటీ ఎక్కువైతే కంపెనీ చెప్పినదాంట్లో మూడో వంతు తీసేసి లెక్క వేసుకోండి. హైవేలో 80, 90 మధ్య వెళ్లేవాళ్లు 15 నుంచి 20 శాతం తీస్తే చాలు. హైబ్రిడ్‌కు మాత్రం ఈ సూత్రం తిరగబడొచ్చు.

* అదే మోడల్, అదే ఇంజిన్, అదే గేర్‌బాక్స్ వాడుతున్న వాళ్లను అడగండి. "ఎంతిస్తోంది?" అని మాత్రమే కాదు, "ఎక్కడ తిప్పుతున్నారు?" అని కూడా అడగండి.

* టెస్ట్ డ్రైవ్‌ను షోరూమ్ చుట్టూ రెండు కిలోమీటర్లతో ముగించొద్దు. సాయంత్రం ట్రాఫిక్‌లో, ఏసీ వేసి నడపండి.

* కొన్నాక డ్యాష్‌బోర్డ్ మీద కనిపించే సగటునే నమ్ముకోవద్దు, అది చాలా కార్లలో కాస్త ఎక్కువే చూపిస్తుంది. బంకులో నాజిల్ దానంతట అదే ఆగేదాకా ట్యాంక్ ఫుల్ చేయించి ట్రిప్ మీటర్ సున్నా చేయండి. తిరిగాక అదే బంకులో మళ్లీ ఫుల్ చేయించండి. తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగిస్తే అదే మీ అసలు మైలేజీ. ఇలా మూడుసార్లు చేసి సగటు తీయండి.

* టైర్లలో గాలి చూసుకోండి. ఎంత ఉండాలో డ్రైవర్ డోర్ పక్కన స్టిక్కర్ మీద ఉంటుంది. అలాగే కాలు కాస్త తేలిగ్గా ఉంచండి. దూకుడుగా నడిపితే సిటీ ట్రాఫిక్‌లో 10 నుంచి 40 శాతం దాకా మైలేజీ పోవచ్చని అమెరికా లెక్కలు చెబుతున్నాయి.

కంపెనీ చెప్పే మైలేజీ పది మందికీ ఒకే ప్రశ్నాపత్రం ఇచ్చి వేసిన మార్కుల్లాంటిది. ఆ ప్రశ్నాపత్రంలో మన ఎండ లేదు, మన జామ్ లేదు, మన హైవే స్పీడ్ లేదు. కాబట్టి షోరూమ్‌లో "ఎంతిస్తుంది?" అని అడిగి ఊరుకోవద్దు. "ఎక్కడ, ఎంత స్పీడ్‌లో, ఏసీ వేసి ఎంతిస్తుంది?" అని అడగండి. సంతకం పెట్టకముందు అడిగే ఆ ఒక్క ప్రశ్న, ఐదేళ్లలో రెండు లక్షల లెక్కను ముందే మీ కళ్ల ముందు పెడుతుంది.