ఏడాదికి పదమూడు నెలలు

మన పంచాంగంలో ఏడాదికి పన్నెండు నెలలు. అధిక మాసం వస్తే దాదాపు మూడేళ్లకోసారి వస్తుంది. సెల్‌ఫోన్ కంపెనీల పంచాంగంలో మాత్రం అధిక మాసం ఏటా వస్తుంది. 28 రోజుల ప్యాక్ వేయించుకునేవాడు ఏడాదికి 13 సార్లు డబ్బు కట్టాలి. నెలకు 299 అనుకుని వేయించుకుంటాం. ఏడాదికి అయ్యేది 3,588 కాదు, 3,887 రూపాయలు.

రైతు సంఘం పత్రికలో ఫోను రీచార్జి గురించి సంపాదకీయం ఏమిటని కొందరికి అనిపించవచ్చు. ఎరువుల ధర, కరెంటు చార్జీ గురించి రాసినట్టే దీని గురించీ రాయాలి. ఈ-పంట నమోదుకు ఫోను కావాలి. పీఎం కిసాన్ ఈ-కేవైసీకి ఓటీపీ రావాలి. బ్యాంకులో అప్పు రెన్యువల్‌కూ, ధాన్యం అమ్మకానికీ అదే నంబరు అడుగుతారు. మోటారు స్టార్టర్‌లో పెట్టిన సిమ్‌కు కూడా రీచార్జి చేయాల్సిందే. ఫోను సాగు ఖర్చులో చేరి చాలాకాలమైంది. మన లెక్కల పుస్తకంలోకి మాత్రం ఇంకా ఎక్కలేదు.

ఒకసారి లెక్క వేద్దాం. అనకాపల్లి, చోడవరం వైపు మన ఇళ్లలో సాధారణంగా నాలుగు ఫోన్లుంటాయి. కొడుకు గాజువాకలోనో, పోర్టులోనో కాంట్రాక్టు పనికి వెళ్తాడు. కోడలికో, చదువుకునే పిల్లకో ఇంకో స్మార్ట్‌ఫోన్. పెద్దవాళ్లిద్దరికీ కీప్యాడ్ ఫోన్లు. 2024 జూలై ధరల ప్రకారం స్మార్ట్‌ఫోన్లకు 299, కీప్యాడ్ ఫోన్లకు 199 ప్యాక్ చొప్పున 13 సార్లు వేయిస్తే ఏడాదికి 12,948 రూపాయలు. పీఎం కిసాన్ కింద కేంద్రం ఇచ్చేది 6,000. ఆ సొమ్ము రెండు స్మార్ట్‌ఫోన్లకే చాలదు.

ఆ జూలైలో జరిగింది గుర్తు చేసుకోవాలి. 3వ తేదీన జియో, ఎయిర్‌టెల్, 4వ తేదీన వొడాఫోన్ ఐడియా ధరలు పెంచాయి. జియోలో రోజుకు ఒకటిన్నర జీబీ ఇచ్చే 28 రోజుల ప్యాక్ 239 నుంచి 299 అయింది. అదే ఒకటిన్నర జీబీకి ఎయిర్‌టెల్ 299 నుంచి 349 చేసింది. మూడు కంపెనీలు రెండు రోజుల్లో ధర పెంచితే అడిగేవారు లేరు. టారిఫ్ నిర్ణయాన్ని ట్రాయ్ కంపెనీలకే వదిలేసింది. బస్తా ధాన్యానికి గానీ, దిమ్మ బెల్లానికి గానీ మన ధర మనం చెప్పుకోలేం. మనకు అమ్మేవాడు మాత్రం తన ధర తానే రాసుకుంటాడు.

పేదవాడి ఫోనుకు కట్టే కనీస ధర ఇంకా వేగంగా పెరిగింది. 2018 నవంబరులో ఎయిర్‌టెల్‌లో నంబరు బతికి ఉండాలంటే కనీస రీచార్జి 35 రూపాయలు. 2021 జూలైలో 79, అదే ఏడాది నవంబరులో 99. 2023 జనవరిలో మన ఆంధ్రా సర్కిల్‌లో 155, అదీ 24 రోజులకే. 2024 జూలైకి 28 రోజులకు 199. ఆరేళ్లలో మన పంటల్లో దేని ధర ఇన్ని రెట్లు పెరిగింది?

ఈ 199లో 2 జీబీ డేటా కూడా ఉంటుంది. కీప్యాడ్ ఫోను వాడే ముసలాయన ఆ డేటాను ఏం చేసుకుంటాడు? యూరియా కావాలంటే నానో సీసా కూడా కొనమన్నట్టుంది ఇది. దేశంలో సుమారు 15 కోట్ల మంది ఇంకా మామూలు ఫోన్లే వాడుతున్నారని చెప్పి, మాటలకు, ఎస్సెమ్మెస్‌లకు మాత్రమే పనికొచ్చే ప్యాక్ ఉండాలని 2024 డిసెంబరులో ట్రాయ్ ఆదేశించింది. దాని గడువు 365 రోజుల వరకూ ఉండవచ్చంది.

2025 జనవరిలో ఆ ప్యాకులు వచ్చాయి. ఎయిర్‌టెల్ 84 రోజులకు 469, ఏడాదికి 1,849. వొడాఫోన్ ఐడియా 84 రోజులకు 470, ఏడాదికి 1,849. జియో 84 రోజులకు 448, 336 రోజులకు 1,748. ఇందులోనూ ఒక కిటుకు ఉంది. జియో మొదట 365 రోజులకు 1,958 అని ప్రకటించి, తర్వాత 1,748కి దించింది. 210 రూపాయలు తగ్గించారని అనిపిస్తుంది. అదే చేత్తో గడువులో 29 రోజులు కోశారు. రోజు లెక్కన చూస్తే 5 రూపాయల 36 పైసలు 5 రూపాయల 20 పైసలైంది. తగ్గింది రోజుకు 16 పైసలు.

కాబట్టి ప్యాక్ ధర చూసి మోసపోకండి. ధరను గడువు రోజులతో భాగించి, రోజుకు ఎంత పడుతుందో చూడండి. 199 ప్యాక్ రోజుకు 7 రూపాయల 11 పైసలు. 1,849 ప్యాక్ రోజుకు 5 రూపాయల 7 పైసలు. ఏడాదికి ఒక్క ఫోనుపై 738 రూపాయలు మిగులుతాయి. ఓటీపీ రావడానికి డేటా అక్కర్లేదు, మాటల ప్యాక్ చాలు. వాట్సాప్ కావాలంటేనే డేటా కావాలి. పాత 2జీ కీప్యాడ్ ఫోనులో జియో సిమ్ పనిచేయదు, దానికి 4జీ ఫోను ఉండాలి. ఒక కంపెనీలో 90 రోజులు నిండితే నంబరు మారకుండా వేరే కంపెనీకి వెళ్లొచ్చు. వెళ్లేముందు ఆ కంపెనీ సిమ్ ఉన్న ఫోనుతో మీ పొలం గట్టు మీద నిలబడి సిగ్నల్ చూడండి. ధరలు మారుతుంటాయి, వేయించే రోజున మళ్లీ అడగండి.

అయితే ఒకేసారి 1,849 కట్టగలిగేవాడికే ఈ ఆదా. చెరకు డబ్బు రాని నెలలో 199కే వెతుక్కునేవాడు రోజుకు రెండు రూపాయలు ఎక్కువ కడుతున్నాడు. చేతిలో లేనివాడి దగ్గరే ఎక్కువ వసూలు చేయడం మనకు కొత్త కాదు. వడ్డీ వ్యాపారం దగ్గర నేర్చుకున్న పాఠమే ఇది.

ఇక బీఎస్ఎన్ఎల్ మాట. 2024 జూలైలో ధర పెంచనిది అదొక్కటే. ఆ ఒక్క నెలలో సుమారు 29 లక్షల మంది కొత్తగా అందులో చేరారు. సిగ్నల్ సరిగా లేక ఆ ఊపు ఎక్కువ నెలలు నిలవలేదు. ప్రైవేటు కంపెనీలు 2022 అక్టోబరులోనే 5జీ మొదలుపెడితే, బీఎస్ఎన్ఎల్ 4జీని దేశవ్యాప్తంగా ప్రారంభించింది 2025 సెప్టెంబరు 27న. విశాఖ వాళ్లకు ఈ కథ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఉక్కు ఫ్యాక్టరీకి సొంత గనులు ఇవ్వలేదు, నష్టాలొస్తున్నాయి కాబట్టి అమ్ముతామని 2021 జనవరిలో నిర్ణయించారు. బీఎస్ఎన్ఎల్‌కు 4జీ ఆలస్యం చేశారు, కస్టమర్లు రావడం లేదన్నారు. కాళ్లు కట్టేసి పరుగు పందెంలో ఓడిపోయావనడం ఇది. ప్రభుత్వ సంస్థ గట్టిగా నిలబడితేనే మిగతా ముగ్గురి ధరకు పగ్గం పడుతుంది.

అందుకే మా డిమాండ్లు ఇవి. మాటల ప్యాక్ ధరలు ప్రతి రీచార్జి దుకాణంలో తెలుగులో బోర్డు పెట్టాలి. ఏడాది ప్యాక్‌లో పడే రోజు ధరకే నెల ప్యాక్ కూడా ఇవ్వాలి, నెలంటే నెలే కావాలి. ప్రభుత్వ పథకాలకు జతైన నంబరుకు రీచార్జి గడువు తీరినా ఓటీపీ, ఇన్‌కమింగ్ ఆగకూడదు. పాడేరు, అరకు కొండల్లో సిగ్నల్ అందని గూడేలకు బీఎస్ఎన్ఎల్ టవర్లు వేయాలి. టారిఫ్‌లపై అదుపును ట్రాయ్ తిరిగి చేతిలోకి తీసుకోవాలి.

వచ్చే గ్రామ కమిటీ సమావేశానికి సభ్యులు తమ ఇంట్లో ఫోన్లెన్ని, ఏడాదికి ఎంత కడుతున్నారో ఒక కాగితం మీద రాసుకుని రండి. ఎరువుల బిల్లు పక్కన ఈ బిల్లునూ పెడదాం. లెక్క తేలితేనే అడగడానికి గొంతు వస్తుంది.