కాయిన్ ధర క్షణక్షణం, వడ్ల ధర అమ్మినాక

బిట్‌కాయిన్ ధరెంతో అడగండి, ఏఐ ఏజెంట్ రెప్పపాటులో చెప్తుంది. మిర్యాలగూడ మిల్లు గేటు దగ్గర ఈ పొద్దు చింట్లు రకం సన్న వడ్లు క్వింటా ఎంతకు పోతున్నాయో అడగండి. ప్రభుత్వ మద్దతు ధర అప్పజెప్పి చేతులు దులుపుకుంటుంది. దానికి దొరికే చోట ఆ ధర ఎవరూ రాసిపెట్టలేదు మరి. ట్రాక్టరు నింపుకుని బారులో నిలబడ్డ రైతుకైనా తన వంతు వచ్చేదాకా తెలియదు. ఇది సాంకేతిక లోపమంటే నేను ఒప్పుకోను. వ్యాపారికి లాభం తెచ్చే ధర ఊరంతా తిరుగుతుంది, నష్టం తెచ్చే ధర గేటు దాటదు. అంతే సంగతి.

ముందు ఊరంతా తిరిగే ధర సంగతి చూద్దాం. 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ, ఏఐని బయటి టూళ్లకు కలిపే మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌ను బయటపెట్టాక, ఏజెంట్లకు కాయిన్ ధరలు తెచ్చిపెట్టే టూల్ కట్టడం బీటెక్ కుర్రాళ్లకు చాలా తేలికైంది. ఒక ఫంక్షన్ రాయాలి, అదేం చేస్తుందో మోడల్‌కు అర్థమయ్యేలా రెండు ముక్కల్లో చెప్పాలి. ఏజెంట్ దాన్ని పిలుస్తుంది, అది కాయిన్ ధరలిచ్చే కాయిన్‌గెకో లాంటి ఏపీఐని అడుగుతుంది, జవాబు జేసన్‌లో వచ్చి పడుతుంది. పని తెలిసినవాడు ఇంకొంచెం జాగ్రత్తపడతాడు. ఒకే సింబల్ పెట్టుకున్న కాయిన్లు బోలెడుంటాయి గనక ఐడీతో అడుగుతాడు. ధర పక్కన అది ఏ సమయానిదో పెడతాడు. క్రిప్టో ఎక్స్ఛేంజీ కీకి ట్రేడింగ్ అనుమతి ఇవ్వడు. ఇది నికరమైన పనితనం. కోదాడ, సూర్యాపేటల్లో చదువుకున్న పిల్లల చేతుల్లో ఇది ఉన్నందుకు నాకు గర్వమే. నా కోపమల్లా దాన్ని ఎవరికి ధారపోస్తున్నారన్న దాని మీదే.

ఎక్స్ఛేంజీలు ధరల్ని ఊరికే ఎందుకిస్తాయి? ధర చూసినవాడు కొంటాడు, కొన్నవాడు అమ్ముతాడు, రెండుసార్లూ ఫీజు వాళ్లదే. మనిషైతే రాత్రి పడుకుంటాడు, ఏజెంట్ పడుకోదు. మీ టూల్ వాళ్లకు అంత ముద్దొచ్చేది అందుకే. పోనీ, ధర పక్కన చూపించే ట్రేడింగ్ లెక్కలైనా సరైనవా? ఎక్స్ఛేంజీలు చూపించుకుంటున్న బిట్‌కాయిన్ ట్రేడింగ్‌లో 95 శాతం బూటకమని 2019 మార్చిలో బిట్‌వైజ్ అనే క్రిప్టో పెట్టుబడుల సంస్థ అమెరికా మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్ఈసీకే చెప్పింది. దొంగ లెక్కను ఎంత వేగంగా తెచ్చినా దొంగ లెక్కే. ఏజెంట్ తెలివి మాత్రం తక్కువ తిన్నదా? 2024 నవంబరులో ఫ్రేసా అనే ఏజెంట్‌ను, ఎవరికీ డబ్బు పంపొద్దని చెప్పి పందేనికి కూర్చోబెట్టారు. ఒకతను ఉత్త మాటలతో దాన్ని బోల్తా కొట్టించి దాదాపు 47 వేల డాలర్లు గెలుచుకుపోయాడు.

పన్ను సంగతి ఇంకా ఘోరం. 2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను. ఒక కాయిన్‌లో వచ్చిన నష్టాన్ని ఇంకో కాయిన్ లాభంలో తగ్గించుకోనివ్వరు. అదే ఏడాది జూలై 1 నుంచి అమ్మిన ప్రతిసారీ 1 శాతం టీడీఎస్. లాభం లేదు, నష్టం లేదు, మీ ఏజెంట్ లక్ష రూపాయలను 50 సార్లు తిప్పిందనుకోండి. చేతిలో మిగిలేది 60 వేల పైచిలుకు. మిగతాది రిటర్న్ వేసి రాబట్టుకునేదాకా సర్కారు దగ్గరే. దీనికి తోడు దొంగల బెడద. 2024 జూలైలో మన దేశపు క్రిప్టో ఎక్స్ఛేంజీ వజీర్‌ఎక్స్ నుంచి దొంగలు 23 కోట్ల డాలర్లకు పైగా ఎత్తుకుపోయిన రోజు కూడా ప్రపంచమంతటా కాయిన్ల ధరలు టకటకా మారుతూనే ఉన్నాయి. అందులో డబ్బు పెట్టిన మనవాళ్లకు మాత్రం విత్‌డ్రాలు ఆగిపోయాయి.

ఇక గేటు దాటని ధర. నాగార్జున సాగర్ ఎడమ కాలువ కింద కోతలన్నీ ఒక్కసారే మీద పడతాయి. హార్వెస్టర్ కోసిన పచ్చి వడ్లు ఆరబోసుకుందామంటే జాగా ఉండదు. కొనుగోలు కేంద్రానికి పోదామంటే తేమ 17 శాతం దాటకూడదు. అందుకే సన్నాలు పొలం నుంచి నేరుగా మిల్లుకు పోతాయి. పచ్చి వడ్లు ట్రాక్టరులోనే ఉంటే వేడెక్కి రంగు మారతాయి. రైతు ఆగలేడని మిల్లరుకు తెలుసు, పక్క మిల్లులో ఎంత పలుకుతోందో రైతుకు తెలియదు. బండ్ల బారు పెరిగేకొద్దీ ధర జారుతుంది. మిల్లర్లు కుమ్మక్కై తగ్గించారంటూ రైతులు రోడ్డెక్కడం మిర్యాలగూడకు కొత్తేం కాదు. క్వింటాకు వంద తగ్గితే, ఎకరాకు 25 క్వింటాళ్ల చొప్పున ఐదెకరాల కౌలు రైతుకు 12,500 రూపాయలు పోయినట్టే. తరుగు పేరుతో కోసేది వేరే.

ప్రభుత్వం మార్కెట్ ధరలు ఇస్తూనే ఉంది కదా అంటారు. ఇస్తోంది. అగ్‌మార్క్‌నెట్ ఉంది. కేంద్రం ఓపెన్ డేటా పోర్టల్‌లో మండీ ధరలకు ఏపీఐ కూడా ఉంది. 2016 ఏప్రిల్ 14న ఈ-నామ్ అనే జాతీయ ఆన్‌లైన్ వ్యవసాయ మార్కెట్ మొదలైనప్పుడు తొలి 21 మార్కెట్లలో మన తిరుమలగిరి ఒకటి. కానీ అక్కడ దొరికేది యార్డు ధర. కనిష్ఠం, గరిష్ఠం, ఎక్కువ సరుకు పలికిన ధర, రోజుకు ఈ మూడంకెలు. బేరం మిల్లు గేటు దగ్గర, లెక్క యార్డు కాగితాల్లో! ఈ డేటా మీద ప్రపంచంలోకెల్లా తెలివైన ఏజెంట్‌ను కూర్చోబెట్టినా రైతుకు పైసా ఉపయోగం లేదు.

క్రిప్టోకైతే డబ్బులిస్తారు, వడ్లకు ఎవరిస్తారని కుర్రాళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఇవ్వాల్సింది మార్కెటింగ్ శాఖ. మార్కెట్ ఫీజు వసూలు చేసే శాఖ, ఆ మార్కెట్‌లో ధర ఎంతో చెప్పడానికి నాలుగు రూపాయలు ఖర్చు పెట్టలేదా?

చేయాల్సింది కొండను తవ్వే పనేం కాదు. మిల్లులోకి వచ్చిన ప్రతి బండికీ కాంటా చీటీ పుడుతుంది. రకం, బరువు, తేమ, ధర, సమయం. రైతు పేరు అక్కర్లేదు, ఈ ఐదూ చాలు. వాటిని గంటగంటకూ పంపడం మిల్లు లైసెన్సుకు షరతు కావాలి. శాఖ వాటిని అందరికీ తెరిచిన ఏపీఐగా పెట్టాలి. ఏ మిల్లులో ఏ రకం ఎంతకు పోతోందో రైతు ఫోన్లో తెలుగులో అడిగితే ఏజెంట్ చెప్పాలి. గంట కిందటి ధరైతే గంట కిందటిదని చెప్పాలి, తెలియకపోతే తెలియదనాలి.

సర్కారు కదిలేదాకా ఆగక్కర్లేదు తమ్ముళ్లూ. అమ్మి వచ్చిన రైతుల దగ్గర చీటీల ఫొటోలు తీసుకోండి, పేర్లు చెరిపేయండి, ఈ కోతల్లోనే మొదలుపెట్టండి. ఐడీలు, సమయాలు, అనుమతులు అంటూ కాయిన్ల కోసం నేర్చుకున్న జాగ్రత్తలన్నీ ఇక్కడా పనికొస్తాయి. ధర బయటపెడితే వ్యాపారం దెబ్బతింటుందని మిల్లర్లు గోల చేస్తారు. చేయనివ్వండి. దాచిపెడితేనే నడిచే వ్యాపారం ఎవరిని ముంచి నడుస్తోందో వాళ్ల నోటితోనే తేలిపోతుంది.