ఈడీ షీట్లు పారేయకండి

ఖరీదైన స్కెచ్‌బుక్ కొంటే బొమ్మలు వేయడం అలవాటవుతుందంటే నేను నమ్మను. ఆ తెల్లటి మొదటి పేజీ చూస్తేనే చెయ్యి ఆగిపోతుంది, ఎక్కడ పాడైపోతుందోనని. మా హాస్టల్లో నేను చూసినవేవీ మూడో పేజీ దాటలేదు.

నా మాట విని ఫస్టియర్ ఈడీ షీట్లు బయటికి తీయండి. ఏ2 షీటంటే 420 × 594 మిల్లీమీటర్లు. పొడవును సగం చేస్తూ మూడుసార్లు మడిస్తే 8 ఆకులు, 16 పేజీలు. కాగితం దళసరి కదా, ప్రతి మడతనీ చెంచా వీపుతో గట్టిగా రుద్దాలి. పైన పాత కేలండర్ కాగితం చుట్టి, చివరి మడత మీద దబ్బనంతో మూడు రంధ్రాలు పెట్టండి. దారం లోపలి నుంచి మధ్య రంధ్రంలో బయటికి, పైదాంట్లో లోపలికి, కిందిదాంట్లో బయటికి, మళ్లీ మధ్యలోంచి లోపలికొచ్చి ముడి. మూసుకున్న అంచులు చాకుతో కోసేస్తే పుస్తకం రెడీ.

అసలు మజా ఇప్పుడే. ఒకసారి తెరిస్తే రెండు ఖాళీ పేజీలు, తర్వాతి రెండింటిలో పాత ప్రొజెక్షన్లు. అవి కూడా అడ్డంగానో తలకిందులుగానో, సగం తెగి ఉంటాయి. తిరగబడ్డ శంకువు ఐస్‌క్రీమ్ కాకుండా ఎలా ఉంటుంది? పాడవుతుందన్న బెంగే ఉండదు. ట్యాబ్‌లో అన్‌డూ ఉంది నిజమే, కానీ అక్కడ మనం గీసినదానికంటే చెరిపిందే ఎక్కువ.

మన పత్రిక పీడీఎఫ్‌గానే రానివ్వండి. లైబ్రరీలో మాత్రం చేత్తో కుట్టిన కాపీ ఒకటుండాలి. వచ్చే క్లబ్ మీటింగుకి దబ్బనం, దారం నేను తెస్తా. షీట్లు మీరు తెండి.