సంచి బరువు, మనిషి బరువు



జమ్మలమడుగు బస్టాండులో తెల్లవారకముందే ఒక తల్లి కడప బస్సు కోసం నిలబడి ఉన్నదనుకోండి. కొడుకు కడప కేంద్ర కారాగారములో ఉన్నాడు. కూలి డబ్బుకు ఆశపడి ఎవరిదో సంచి మోశాడు. అందులో గంజాయి దొరికింది. సంచి ఇచ్చినవాడు మాత్రం ఇంటిలోనే ఉన్నాడు. ఆదివారము ఆ తల్లి మన పక్కన వచ్చి కూర్చుంటే కాస్త జరిగి కూర్చుంటామా, దగ్గరకు తీసుకుంటామా?

మత్తు చెడ్డది. అది కుటుంబాలను ఎట్లా కూల్చుతుందో మన ఇళ్లలోని స్త్రీలకు ఎవరూ చెప్పనక్కరలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా మీద తిరగబడింది అందుకే. కనుక చట్టము వద్దని నేను అనడము లేదు. ఆ చట్టము ఎవరిమీద పడుతున్నదో చూడమంటున్నాను.

1985 నాటి మాదకద్రవ్యాల చట్టము ప్రకారము గంజాయి 20 కిలోలు దాటితే శిక్ష కనీసము 10 సంవత్సరాలు, జరిమానా కనీసము లక్ష రూపాయలు. బెయిలు దొరకడము కూడా బహు కష్టము. చట్టము సంచిని తూకము వేస్తుంది గాని, మోసినవాని ఆకలిని తూచదు. పంపిన యజమానికీ అదే శిక్ష ఉన్నది. అయితే చెక్‌పోస్టు దగ్గర దొరికేది కూలివాడే.

ఈ తూకము కథ మన దేశములోనే లేదు. అమెరికాలో 1986లో ఒక చట్టము చేశారు. పొడి కొకైను 500 గ్రాములకు పడే 5 సంవత్సరాల శిక్ష, రాయిగా చేసిన కొకైను 5 గ్రాములకే పడేది. రెండూ ఒకే మత్తు. రాయి కొకైను కేసులలో శిక్షపడినవారిలో అత్యధికులు నల్లజాతివారు. 24 సంవత్సరాల తరువాత, 2010లో, ఆ తేడాను తగ్గించారు గాని పూర్తిగా తీసివేయలేదు.

అక్కడ వర్ణము, ఇక్కడ కులము. 1871లో తెల్లదొరలు చేసిన నేరస్థ జాతుల చట్టము 1911 తరువాత మన మద్రాసు రాజధానికీ వచ్చింది. ఎరుకలవారివంటి జాతులలో పుట్టినవారిని పుట్టుకతోనే దొంగలుగా ఎంచి, పోలీసుల ముందు హాజరు వేయించుకున్నారు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్‌మెంటును నడిపినది క్రైస్తవ సంస్థయైన సాల్వేషన్ ఆర్మీయే. మేలు చేయాలనే వెళ్లారు గాని, కాపలా పని కూడా వారి చేతికే వచ్చింది. ఇది మనము మరువరాదు.

1952లో ఆ చట్టము పోయింది. చూపు మాత్రము పోలేదు. జైళ్లలో కులమునుబట్టి పనులు పంచే నిబంధనలను సుప్రీంకోర్టు కొట్టివేసినది 2024 అక్టోబరు 3న. అంటే అంతవరకు అవి పుస్తకాలలో నిలిచే ఉన్నాయి.

2022 చివరకు దేశములోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే, వారిలో 4,34,302 మంది ఇంకా తీర్పు రానివారే. జైళ్లలో దళితుల, ఆదివాసుల పాలు జనాభాలో వారి పాలుకంటె ఎక్కువ. బెయిలు వచ్చినా జామీను నిలిచేవారు లేక కొందరు లోపలే ఉండిపోతారు. పొలము పాసుపుస్తకము ఉన్నవానికి బంధువులలో ఎవరో ఒకరు దొరుకుతారు. పులివెందుల పక్క తండాలో కూలి చేసుకునే సుగాలి ఇంటికి ఎవరు దొరుకుతారు?

అందుకే మన సంఘములు చేయగల పనులు కొన్ని ఉన్నాయి. దళితులకు, గిరిజనులకు, స్త్రీలకు, జైలులో ఉన్నవారికి ప్రభుత్వ ఖర్చుతో న్యాయవాదిని ఇవ్వాలని 1987 చట్టము చెప్పుతున్నది. ప్రొద్దుటూరు కోర్టుకు గాని, దగ్గరలోని మరే కోర్టుకు గాని ఆ తల్లితో చదువుకున్నవారు ఒకరు వెళ్లి దరఖాస్తు రాయించండి. ములాఖతుకు తోడు వెళ్లండి. పిల్లల బడి ఆగకుండా చూడండి. భూమి ఉన్నవారు, మనిషిని ఎరిగినవారు, ఆలోచించుకొని జామీను నిలవండి.

చెరసాలలో ఉన్నవారిని చూడబొమ్మని ప్రభువు చెప్పినప్పుడు, నిర్దోషులైతేనే అని షరతు పెట్టలేదు. వచ్చే ఆదివారము ఆ తల్లి వస్తే కొంచెము చోటిచ్చి, కేసు నంబరు ఎంత అని అడగండి.