ముగియని మరమ్మతు

“సంఘపు కంప్యూటరు మరమ్మతులో నున్నది, రేపు రండు.” ఈ మాట నేను తిరుగు గ్రామములందు తరచుగా వినబడుచున్నది. ఒక సంఘమున మూడు దినములు తెరమీద ఒకే శాతము నిలిచియుండగా కార్యదర్శిగారు దానినే కనిపెట్టుకొని కూర్చుండిరి. బాకీ చెల్లింపవచ్చిన రైతులు రొక్కముతో తిరిగి ఇండ్లకు పోయిరి.

ఇది చిన్న సంగతి కాదు. మూడు లక్షల రూపాయలలోపు పంట ఋణమును గడువులోగా తీర్చిన రైతునకు కేంద్ర ప్రభుత్వ పథకము క్రింద వడ్డీలో నూటికి 3 రూపాయలు తగ్గుచున్నది. లక్ష రూపాయలు సంవత్సరము వాడుకొన్నవానికి అది 3,000 రూపాయలు. గడువు కడపటి దినమున యంత్రము పలుకలేదని రైతును పంపివేసినచో ఆ నష్టమును ఎవరు భరింతురు? యంత్రము భరింపదు గదా.

దేశమందలి 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములను కంప్యూటరీకరించుటకు 2,516 కోట్ల రూపాయల పథకమును కేంద్ర మంత్రివర్గము 2022 జూన్ 29న ఆమోదించినది. ఆ పద్ధతిలో చేరిన సంఘముల లెక్కలు ఒక్క యంత్రముననే యుండవు. అయినను పాత రిజిస్టర్ల నకళ్లు, తీర్మానములు, ఉత్తరములు బల్లమీది పెట్టెలోనే మిగిలియుండవచ్చును.

విండోస్ యంత్రములలో చెక్‌డిస్క్ అను పరీక్ష గలదు. అది మొదట దస్త్రముల పట్టికలను, వాని సూచికలను, హక్కుల వివరములను సరిచూచును. పూర్ణ పరీక్ష కోరినచో ఆపైన డిస్కులోని ప్రతి భాగమును, ఖాళీ స్థలమును గూడ, చదివి చూచును. వేయి గిగాబైట్ల డిస్కును సెకనుకు నూరు మెగాబైట్ల చొప్పున చదివినను సుమారు మూడు గంటలు పట్టును. పాత డిస్కునకు ఒక రాత్రి పట్టినను వింత లేదు. కనుక ఆలస్యమైనంత మాత్రమున కరెంటు తీయరాదు. పట్టికలు దిద్దుచున్న వేళ తీగ లాగినచో ఉన్న దస్త్రములును చెడవచ్చును.

అయితే రాత్రి గడచినను అంకె కదలక, లోపల టిక్కుటిక్కుమను చప్పుడు వినవచ్చుచున్నచో దానిని మరమ్మతు అనరాదు. డిస్కు చెడిన చోటు చదువలేక మరల మరల ప్రయత్నించుచున్నదని అనుమానింపవలెను. బురదలో దిగబడిన ఎద్దును ములుగఱ్ఱతో పొడిచినంతనే బండి కదలదు. ముందు బస్తాలు దింపవలెను. ఇచ్చట బస్తాలనగా లెక్కలు. వానిని వేఱొక డిస్కునకు ఎత్తుకొనకుండ, చావునకు సిద్ధమైన డిస్కుపై పూర్ణ పరీక్ష నడుపుట దాని మిగిలిన శక్తిని గూడ హరించుటయే.

ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైనది. నాటినుండి మన డెల్టా రైతునకు మరమ్మతనగా ఏమో తెలియును. వేసవిలో కాలువలు కట్టి పూడిక తీయుదురు, లాకులు బాగుచేయుదురు. సార్వా నారుమళ్ల వేళకు నీరు వదలవలెను. (పూడిక నిజముగా తీసిరా లేదా అన్నది వేఱు చర్చ.) సంఘపు యంత్రమునకు మాత్రము కట్టివేత తేదీయు లేదు, విడుదల తేదీయు లేదు.

పాలకవర్గములు ఆ తేదీని తీర్మానము ద్వారా ఏర్పరుపవలెనని నా అభిప్రాయము. పరీక్షను సాయంకాలము పని ముగిసిన పిమ్మట, నకలు తీసికొనిన తరువాతనే, యూపీఎస్ ఆధారముతో మొదలిడవలెను. మరునాడు కార్యాలయము తెరచు వేళకు ముగియనిచో తెలిసిన పనివానిని పిలిచి డిస్కు మార్పింపవలెను. కొత్తదాని వెల కొన్ని వేల రూపాయలే. యంత్రము తెరచునపుడు తనంతట మొదలగు పరీక్షకు కొన్ని క్షణముల వ్యవధి యుండును. ఆలోపల ఏ మీట నొక్కినను ఆగును. నకలు లేనినాడు అట్లు ఆపి, ముందు నకలు తీసికొనుడు.

యంత్రము లేని దినమున చేతి రశీదు పుస్తకము తెరువవలెను. ఆడిటువారు ఒప్పుకొనరని కార్యదర్శులు కొందరందురు. కాకినాడ, ఏలూరు జిల్లా కేంద్ర బ్యాంకులవారు వరుస సంఖ్యలుగల రశీదులకు ముందుగనే ఒక ఉత్తరువు నిచ్చినచో ఆ భయమును తీరును.

వచ్చు సర్వసభ్య సమావేశమున మీలో ఒకరు లేచి, లెక్కల నకలు కడపట ఏ తేదీన తీసిరి, అది ఎవరి బీరువాలో నున్నదని అడుగుడు. జవాబు రానిచో డిస్కు కొనుటకు పద్దు ఆ సభలోనే మంజూరు చేయింపుడు.